విటమిన్ డి తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ: ఊబకాయం ఉన్నవాళ్లు ఈ రిపోర్టుతో ఏం చేయాలి?

బరువు బాగా ఎక్కువగా ఉన్నవాళ్ల రక్త పరీక్షల్లో ఒక జోడీ తరచూ కనిపిస్తుంది. విటమిన్ డి తక్కువ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) ఎక్కువ. వాటి పక్కనే మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ కూడా కాస్త కిందకు జారి ఉంటుంది. రిపోర్టు చేతికి రాగానే చాలామంది ఒకే లెక్క వేసుకుంటారు: డి తగ్గింది కాబట్టి కొవ్వులు పెరిగాయి, డి మాత్రలు మింగితే రెండూ దారికొస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా ఈ లెక్క నిలబడదు. డి లోటుకు చేయాల్సింది వేరు, రక్తంలో కొవ్వులకు చేయాల్సింది వేరు. పరీక్షకు వెళ్లే ముందు రోజు నుంచి మూడు నెలల తర్వాతి రెండో పరీక్ష దాకా ఏం చేయాలో వరుసగా చూద్దాం.

1. పరీక్షకు ముందు

ఊబకాయం ఉన్న ప్రతివాళ్లూ లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకోవాలి. ఇందులో రెండో మాట లేదు. విటమిన్ డి పరీక్ష సంగతి అలా కాదు. బరువు ఎక్కువ ఉందన్న ఒక్క కారణంతో అందరికీ ఆ పరీక్ష చేయనక్కర్లేదని అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. ఎముకల నొప్పి, తొడల్లో బలహీనత, చిన్న దెబ్బకే ఎముక విరగడం, పేగుల జబ్బు, కాలేయం లేదా కిడ్నీ సమస్య, బరువు తగ్గించే ఆపరేషన్, మూర్ఛకు ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ లాంటి మందులు వాడటం, దీర్ఘకాలం స్టెరాయిడ్లు తీసుకోవడం: వీటిలో ఏదైనా ఉంటే మాత్రం చేయించుకోవాల్సిందే. ఇవేవీ లేకపోయినా ఇప్పటికే చేయించుకుని, అంకె తక్కువ వచ్చిందని కంగారు పడుతున్నవాళ్లు తర్వాతి భాగాలు చదవండి.

చేయించుకునేవాళ్లు అడగాల్సిన పరీక్ష పేరు 25-హైడ్రాక్సీ విటమిన్ డి. 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డి అనే మరో పరీక్ష ఉంది. పేరు దగ్గరగా ఉండటంతో పొరపాటున దాన్ని రాసేవాళ్లూ ఉన్నారు. ఒంట్లో డి నిల్వ ఎంతుందో అది చెప్పదు. నిల్వ తగ్గినప్పుడు, రక్తంలో క్యాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి, ఈ 1,25 రకాన్ని ఇంకా తయారుచేయమని కిడ్నీలను తొందరపెడుతుంది. దాంతో లోటు ఉన్నవాళ్లలో కూడా ఆ అంకె మామూలుగానో, ఎక్కువగానో కనిపించవచ్చు.

లిపిడ్ ప్రొఫైల్‌కు 9 నుంచి 12 గంటల పరగడుపు మంచిది. నీళ్లు తాగొచ్చు. నిజానికి మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ భోజనంతో పెద్దగా మారవు, పరగడుపు లేకుండానే ఈ పరీక్ష చేయొచ్చని యూరప్ నిపుణులు 2016లోనే చెప్పారు. అయితే తిన్నాక పెరిగేవి ట్రైగ్లిజరైడ్లు, ఊబకాయంలో మనకు ఎక్కువ పని పడేది వాటితోనే. అందుకని మొదటిసారైనా పరగడుపునే ఇవ్వండి. ముందు రెండు రోజులు మద్యం ముట్టకండి.

ఈ కింది పరిస్థితుల్లో ఉంటే పరీక్ష కొన్ని వారాలు వాయిదా వేసుకోవడమే మేలు:

- జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ నుంచి ఇంకా తేరుకుంటున్నారు. ఈ సమయంలో కొలెస్ట్రాల్, విటమిన్ డి రెండూ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాయి.
- కఠినమైన డైట్ మీద ఉండి బరువు వేగంగా తగ్గుతున్నారు. కొవ్వు కరిగేటప్పుడు అందులోని కొలెస్ట్రాల్ కూడా బయటికొస్తుంది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తాత్కాలికంగా పెరగొచ్చు, హెచ్‌డీఎల్ తగ్గొచ్చు. బరువు ఒక చోట నిలిచాక వచ్చే అంకే నమ్మదగ్గది.

జుట్టు కోసం, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. కొన్ని రకాల యంత్రాల మీద బయోటిన్ వల్ల విటమిన్ డి అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. లోటు ఉన్నా అంతా బాగానే ఉందన్నట్టు రిపోర్టు వస్తుందన్న మాట.

2. అంకెలు చదవడం

ముందు కొలమానం చూసుకోండి. విటమిన్ డి కొన్ని చోట్ల మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో, కొన్ని చోట్ల లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తారు. మొదటిదాన్ని 2.5తో గుణిస్తే రెండోది వస్తుంది. 20 నానోగ్రాములంటే 50 నానోమోల్స్. ఇది చూసుకోకుండా 45 వచ్చింది కదా, ఇంకేం భయమని సంబరపడితే అది నానోమోల్స్‌లోది కావచ్చు, అసలు విలువ 18 కావచ్చు. కొవ్వుల రిపోర్టు మిల్లీమోల్స్‌లో ఉంటే కొలెస్ట్రాల్ అంకెలను 38.67తో, ట్రైగ్లిజరైడ్లను 88.6తో గుణిస్తే డెసిలీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. ఇక్కడి నుంచి నేను డి అంకెలు నానోగ్రాముల్లో, కొవ్వుల అంకెలు మిల్లీగ్రాముల్లోనే రాస్తాను.

విటమిన్ డి 12 లోపు ఉంటే లోటు అన్నదాంట్లో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. 20 ఉంటే ఎముకల ఆరోగ్యానికి దాదాపు అందరికీ సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో తేల్చింది. అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలంది. 2024లో కొత్త మార్గదర్శకాలు రాసినప్పుడు ఆ 30 గీతను తనే పక్కన పెట్టింది. చాలా ల్యాబ్‌లు మాత్రం ఇప్పటికీ 30 లోపు ప్రతి అంకెనూ ఎర్రగా చూపిస్తాయి. 26 వచ్చిందని నిద్ర పాడుచేసుకోకండి. 9 వస్తే నిర్లక్ష్యం చేయకండి.

కొవ్వుల్లో ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. 200 నుంచి 499 వరకు ఎక్కువ, 500 దాటితే చాలా ఎక్కువ. హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 కన్నా తగ్గకూడదు. ఎల్‌డీఎల్ ఎంత ఉండాలన్నది మనిషిని బట్టి మారుతుంది. గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు లక్ష్యం బాగా కిందుంటుంది.

ఒక రిపోర్టు ముందు పెట్టుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 265, ఎల్‌డీఎల్ 121, విటమిన్ డి 14. మనిషి 165 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు, అంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 పైచిలుకు. ఇక్కడ చాలామంది కన్ను 121 మీద పడి, ఫర్వాలేదు, కొంచెమే ఎక్కువ అనుకుంటారు. కానీ ఆ 121 ఎలా వచ్చిందో చూడండి. చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేసి రాస్తాయి. 212లోంచి 38, 53 పోతే 121. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ఇది. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ సూత్రం గురి తప్పుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు.

అందుకే ఊబకాయం ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది నాన్-హెచ్‌డీఎల్. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలు: 212లోంచి 38 పోతే 174. ధమనుల గోడల్లో పేరుకునే కణాల్లోని కొలెస్ట్రాల్ అంతా ఇందులో లెక్కకొస్తుంది. సాధారణంగా ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే నాన్-హెచ్‌డీఎల్ లక్ష్యం వస్తుంది. ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలని డాక్టర్ చెప్పి ఉంటే ఇది 130 లోపు ఉండాలి. 174 చాలా దూరంలో ఉంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ కణాలు చిన్నగా, చిక్కగా మారతాయి. ఒక్కో కణంలో కొలెస్ట్రాల్ తక్కువ, కణాల సంఖ్య మాత్రం ఎక్కువ. ఎల్‌డీఎల్ అంకె చూసి మోసపోయేది ఇక్కడే. అవకాశం ఉంటే అపోలైపోప్రొటీన్ బి పరీక్ష ఈ కణాల సంఖ్యను ఇంకా బాగా పట్టిస్తుంది.

3. ఈ రెండూ ఎందుకు కలిసొస్తాయో తెలుసుకోండి

ఇది తెలియకపోతే మందుల దగ్గర తప్పటడుగు వేస్తాం.

విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది. ఎండ వల్ల చర్మంలో తయారైనా, మాత్రగా మింగినా, అది ఒళ్లంతా ఉన్న కొవ్వులోకీ కండలోకీ పరుచుకుంటుంది. ఒకే చెంచా ఉప్పు చెంబెడు నీళ్లలో వేస్తే ఉప్పగా, బిందెడు నీళ్లలో వేస్తే చప్పగా ఉన్నట్టే, దేహం పెద్దదైనకొద్దీ రక్తంలో డి పలచబడుతుంది. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో ఊబకాయం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకే మోతాదులో అతినీలలోహిత కాంతి ఇచ్చి చూశారు. ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో విటమిన్ డి3 పెరుగుదల 57 శాతం తక్కువ. వాళ్ల చర్మంలో ముడిసరుకు మాత్రం తక్కువేమీ లేదు. (ఆ ముడిసరుకు 7-డీహైడ్రోకొలెస్ట్రాల్. శరీరం కొలెస్ట్రాల్‌ను తయారుచేసేది కూడా దాంతోనే. డి తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుందన్న ఊహకు ఈ చుట్టరికమే ఊతం. కానీ చర్మంలో డి కోసం ఖర్చయ్యేది మొత్తంలో అతి స్వల్పం. రక్తంలో కొలెస్ట్రాల్‌ను అది కదిలించలేదు.)

మరి కొవ్వుల సంగతి? పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి ఫ్యాటీ యాసిడ్లు కాలేయానికి వరదలా వెళ్తాయి. ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినకపోవడంతో ఆ వరదకు అడ్డుకట్ట ఉండదు. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి, వీఎల్‌డీఎల్ కణాల్లోకి ఎక్కించి రక్తంలోకి పంపుతుంది. ఆ కణాలు దారిలో హెచ్‌డీఎల్‌తో సరుకు మార్చుకుంటాయి: తమ ట్రైగ్లిజరైడ్లు ఇచ్చి దాని కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. అలా మారిన హెచ్‌డీఎల్ త్వరగా విరిగిపోయి ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం రెండూ ఒకే పనికి రెండు ఫలితాలు.

అంటే డి తగ్గడానికీ కొవ్వులు చెడటానికీ వెనకున్నది ఒక్కటే, పేరుకున్న కొవ్వు. ఆ రెండింటిలో ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. జన్యువుల ఆధారంగా 2013లో చేసిన ఒక పెద్ద విశ్లేషణలో, బీఎంఐ పెరిగితే విటమిన్ డి తగ్గుతుందని తేలింది. డి తగ్గడం వల్ల బీఎంఐ పెరుగుతుందనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. ఇక వైటల్ అనే అమెరికా ట్రయల్‌లో 25,871 మందిలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఐదేళ్లకు పైగా ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం వంటివి డి వేసుకున్నవాళ్లలో తగ్గలేదు. చిన్న చిన్న ట్రయల్స్ కలిపి చూసినప్పుడు ట్రైగ్లిజరైడ్లు కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది, ముఖ్యంగా మొదట లోటు బాగా ఉన్నవాళ్లలో. ఆ తగ్గుదల 265ను 150కి తెచ్చేంతది మాత్రం కాదు.

4. డి లోటు పూడ్చుకోవడం

ఎముకల కోసం, కండరాల కోసం ఇది చేయాల్సిందే. కొలెస్ట్రాల్ కోసం చేస్తున్నామనుకోకండి, అంతే.

మామూలు పెద్దలకు రోజుకు 600 యూనిట్లు, 70 ఏళ్లు దాటాక 800 సరిపోతాయి. ఊబకాయం ఉన్నవాళ్లలో లోటు పూడ్చాలంటే మిగతావాళ్లకన్నా రెండు మూడు రెట్ల మోతాదు కావాలని 2011 మార్గదర్శకాలు చెప్పాయి. మీ స్నేహితుడికి పని చేసిన డోసు మీకు పని చేయకపోతే ఆశ్చర్యపోవద్దు. సొంతంగా వేసుకునేవాళ్లు రోజుకు 4,000 యూనిట్లు దాటకూడదు. అంతకు మించితే డాక్టర్ చెప్పాలి. సీసా మీద మైక్రోగ్రాములు రాసి ఉంటే 40తో గుణించుకోండి: 25 మైక్రోగ్రాములంటే 1,000 యూనిట్లు.

లోటు తీవ్రంగా ఉంటే వారానికోసారి పెద్ద మాత్ర కొన్ని వారాల పాటు రాస్తారు. ఇక్కడ జరిగే ప్రమాదం ఒకటుంది. వారానికి ఒకటి వేసుకోవాల్సింది రోజుకొకటి మింగేస్తారు, లేదా కోర్సు అయిపోయినా నెలల తరబడి కొనసాగిస్తారు. మాత్ర ఆదివారమా, సోమవారమా, ఏ రోజు వేసుకోవాలో అట్ట మీదే రాసి పెట్టుకోండి, చివరి మాత్ర తేదీ కూడా. ఏడాదికి సరిపడా ఒకేసారి వేసుకుంటే పోలా అనే ఆలోచన కూడా వద్దు. వృద్ధ మహిళలకు ఏడాదికోసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూసిన ట్రయల్‌లో పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయి.

రోజులో పెద్ద భోజనం తర్వాత మాత్ర వేసుకోండి. ఖాళీ కడుపుతో వేసుకున్న దానికన్నా బాగా ఒంటబడుతుంది. బరువు తగ్గడానికి ఆర్లిస్టాట్ వాడుతున్నవాళ్లు జాగ్రత్త: అది తిన్న కొవ్వు పేగుల్లో ఇంకకుండా ఆపుతుంది, దాంతో పాటు విటమిన్ డిని కూడా. ఆ మందుకు కనీసం రెండు గంటల ఎడం పెట్టి, వీలైతే పడుకునే ముందు డి వేసుకోండి. కొలెస్ట్రాల్‌కు కొలెస్టిరమిన్ పొడి వాడేవాళ్లకూ ఇదే ఇబ్బంది. దాన్ని తాగడానికి కనీసం గంట ముందో, తాగాక నాలుగు నుంచి ఆరు గంటలకో డి వేసుకోవాలి.

ఎండ మంచిదే, కానీ ఊబకాయంలో లోటు పూడ్చడానికి ఒక్క ఎండ మీదే ఆధారపడలేం. కారణం పైన చూశాం. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఎండ తగిలినట్టే ఉంటుంది గానీ డి తయారీకి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు, సార్కాయిడోసిస్, పారాథైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, బీపీకి థయజైడ్ రకం మాత్రలు లేదా గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లు సొంతంగా డి మొదలుపెట్టకూడదు. ముందు రక్తంలో క్యాల్షియం చూడాలి. డి మోతాదు మించినప్పుడు పెరిగేది క్యాల్షియమే: విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వికారం, మలబద్ధకం, అయోమయం. ఇవి కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

5. కొవ్వుల పని

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ వారమే డాక్టర్‌ను కలవండి. 1,000 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆ అంకె ఉండగా కడుపు పైభాగంలో తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే అది అత్యవసరం.

అంతకన్నా తక్కువగా ఉంటే ముందు దొంగలను వెతకాలి. అదుపు తప్పిన షుగర్, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీ జబ్బు, మద్యం, స్టెరాయిడ్లు, నోటి ద్వారా వాడే ఈస్ట్రోజెన్: ఇవి కొవ్వుల్ని తారుమారు చేస్తాయి. కాబట్టి లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), కాలేయం, క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు ఒక్కసారి చూపించుకోండి. థైరాయిడ్ లోపం ఉంటే దానికి మందు వాడితే ఎల్‌డీఎల్ కూడా దిగిరావొచ్చు.

ఆ తర్వాత తిండి. ట్రైగ్లిజరైడ్లను అన్నిటికన్నా త్వరగా దించేవి రెండు: మద్యం మానడం, తీపి పానీయాలు మానడం. పండ్ల రసాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, తాజాగా తీసినా సరే. నూనె పూర్తిగా మానేసి ఆ స్థానంలో పిండి పదార్థాలు పెంచితే ట్రైగ్లిజరైడ్లు ఇంకా పెరుగుతాయి. నెలలు నోరు కట్టుకుని కూడా రిపోర్టు మారలేదని బాధపడేవాళ్లలో చాలామంది చేసే పని ఇదే. ఎల్‌డీఎల్ తగ్గాలంటే వెన్న, కొవ్వున్న మాంసం లాంటి వాటిలోని సంతృప్త కొవ్వు తగ్గించి, గింజల నుంచీ చేపల నుంచీ వచ్చే కొవ్వును ఆ స్థానంలోకి తెచ్చుకోవాలి.

బరువు విషయంలో మొదటి మజిలీ 5 నుంచి 10 శాతం. మన ఉదాహరణలోని 96 కిలోల మనిషికి అది సుమారు 5 నుంచి 10 కిలోలు. ఆ మాత్రానికే ట్రైగ్లిజరైడ్లు దాదాపు ఐదో వంతు తగ్గుతాయి. బరువు తూకంతో పాటు నడుము చుట్టుకొలత నెలకోసారి టేపుతో కొలిచి రాసుకోండి. తూకం కదలని నెలల్లో కూడా నడుము తగ్గుతూ ఉండొచ్చు, కాలేయానికి ముఖ్యం అదే. ఇంత బరువు తగ్గినా విటమిన్ డి మాత్రం కొంచెమే పెరుగుతుంది. బరువు తగ్గాను కదా, డి దానంతటదే వస్తుందని మాత్ర మానేయకండి.

స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) అవసరమా కాదా అన్నది వయసు, బీపీ, షుగర్, పొగతాగడం, కుటుంబంలో గుండె జబ్బులు అన్నీ కలిపి డాక్టర్ తేల్చాల్సిన విషయం. డి తక్కువగా ఉందని స్టాటిన్ ఆపడం గానీ, డి పెరిగేదాకా మొదలుపెట్టకుండా ఆగడం గానీ అనవసరం. డి వేసుకుంటే స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు రావన్న నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. వైటల్‌లో కొత్తగా స్టాటిన్ మొదలుపెట్టినవాళ్లను చూస్తే, డి వేసుకున్నవాళ్లలోనూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ నొప్పులు ఒకేలా వచ్చాయి.

6. మళ్లీ పరీక్ష

స్టాటిన్ మొదలుపెడితే 4 నుంచి 12 వారాల్లో లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చూడాలి. విటమిన్ డికి మూడు నెలలు ఆగండి. రక్తంలో దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, రెండు మూడు వారాలు కాబట్టి, నెలలోపే చూస్తే ఇంకా ఎక్కుతున్న అంకె కనబడుతుంది. వీలైతే అదే ల్యాబ్‌కు వెళ్లండి, యంత్రం మారితే అంకె మారుతుంది. రుతువు కూడా గమనించుకోండి: వేసవి చివర్లో తీసిన అంకెను చలికాలం చివర్లో తీసినదాంతో పోలిస్తే మందు పని చేయలేదనిపిస్తుంది.

మూడు నెలలకూ డి కదలకపోతే డోసు పెంచమని అడిగే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మాత్ర నిజంగా క్రమం తప్పకుండా వేసుకున్నానా? భోజనంతో వేసుకున్నానా? ఆర్లిస్టాట్ లాంటివి అడ్డొచ్చాయా? జిడ్డుగా, నీళ్లలో తేలే విరేచనాలు అవుతున్నాయా? చివరిదానికి అవునంటే పేగులు కొవ్వును పీల్చుకోవడం లేదేమో చూడాలి. అప్పుడు డోసు ఎంత పెంచినా లాభం తక్కువే. బరువు తగ్గించే ఆపరేషన్ అయినవాళ్లకు ఈ పీల్చుకోవడంలో లోపం ఉంటుందని ముందే తెలుసు. వాళ్లకు సాధారణంగా రోజుకు 3,000 యూనిట్లతో మొదలుపెట్టి, రక్త పరీక్ష చూస్తూ మారుస్తారు. డితో పాటు క్యాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూస్తూ ఉండాలి.

డి 20 దాటి 30 దగ్గరకు చేరితే పెద్ద మాత్రలు ఆపి, రోజువారీ చిన్న డోసుకు మారండి. పూర్తిగా మానేస్తే, బరువు ఇంకా పాత స్థాయిలోనే ఉన్నంతకాలం కొన్ని నెలల్లో అంకె మళ్లీ మొదటికే వస్తుంది. ఆ చిన్న డోసు ఎంత ఉండాలో రెండో రిపోర్టు చూసి డాక్టర్‌తో మాట్లాడి ఖరారు చేసుకోండి, కొవ్వుల రిపోర్టు కూడా అదే రోజు పట్టుకెళ్లండి.